పళ్ళ డాక్టరని చెప్పి

నేను చచ్చిపోతున్నానని మొదటిసారి గట్టిగా నమ్మింది గొల్లపూడి దగ్గర, సాయంత్రం బస్సులో. తొంభైల చివరి మాట. అప్పుడు మేం ఇబ్రహీంపట్నంలో థర్మల్ కాలనీలో ఉండేవాళ్ళం. మా ఆయన ప్లాంటులో ఇంజనీరు. నేను బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. పొద్దున్నే వంట ముగించి, బాక్సులు సర్దుకుని, ఊరి కూడలిలో, రింగు సెంటరు దగ్గర బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరడం. పిల్లలు అప్పటికింకా లేరు. మా అత్తగారు మాతోనే ఉండేవారు.

ఆ రోజు బస్సులో సీటు దొరికింది. అదీ కిటికీ పక్కన. పక్కనావిడ జామకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. మంచి గాలి వస్తోంది. ఇంతలో ఏ కారణమూ లేకుండా నా గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, వీధి తలుపు ఎవరో రెండు చేతులతో బాదుతున్నట్టు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. నోరెండిపోయింది. బస్సులో ఉన్న గాలంతా ఎవరో తోడేసినట్టయింది. ఇంక అయిపోయింది, ఇంతే, అనుకున్నాను. లేచి నిలబడి "ఆపండి, ఆపండి" అని అరిచాను.

కండక్టరు బెల్లు కొట్టి ఆపాడు. నాతోపాటు జామకాయలావిడ కూడా దిగింది. ఆవిడ దిగాల్సింది అక్కడ కాదు. నన్ను పట్టుకుని ఒక కిళ్ళీకొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, పైటచెంగుతో విసురుతూ, "ఏంటమ్మా, కడుపుతో ఉన్నావా?" అంది. కాదన్నాను. "పొద్దున్నించీ ఏం తినలేదా?" తిన్నానన్నాను. "మరేంటి?" అంది. నాకూ అదే తెలియలేదు. సోడా తాగించింది. కాసేపటికి ఆ దడ వచ్చినట్టే పోయింది. నన్ను ఆటో ఎక్కిస్తూ ఆవిడ రెండు దోరజామకాయలు చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి, చచ్చిపోవాల్సినదాన్ని, వాటిని ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను.

మర్నాడు మా ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు. బాగుందన్నారు. "గ్యాసమ్మా, టైముకి తినండి" అని పంపించారు. అత్తగారు జీలకర్ర కషాయం కాచారు. ఎందుకైనా మంచిదని దిష్టి కూడా తీశారు. ఎండుమిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. "చూశావా? కోరు రాలేదంటే ఎంత దిష్టో!" అన్నారు. ఆవిడ మొహంలో రోగం కనిపెట్టిన వైద్యుడి తృప్తి.

తర్వాతది క్లాసులో వచ్చింది. బోర్డు మీద యంత్రానికి తరుగుదల లెక్క వేస్తున్నాను. సగంలో నేనే తరిగిపోవడం మొదలైంది. సుద్దముక్క కింద పెట్టి, పిల్లల్ని మిగిలింది పూర్తి చెయ్యమని చెప్పి, స్టాఫ్ రూములోకి వచ్చి గోడకి చేరగిలబడ్డాను. మూడోది పామర్రులో, మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళిలో. సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళకి భజంత్రీలు ఊపందుకున్నాయి. వాటితోపాటు నా గుండె కూడా. అందరూ అక్షింతలు పట్టుకుని ముందుకి వస్తుంటే నేనొక్కదాన్నే వాళ్ళకి ఎదురు తోసుకుంటూ పందిరి దాటి, వరి చేలగట్టు మీద పట్టుచీరతో కూలబడ్డాను. ఆ పెళ్ళి గురించి మా బంధువుల్లో ఇప్పటికీ ఎవరికీ పెళ్ళికూతురి చీర రంగు గుర్తులేదు. నా పరుగు మాత్రం అందరికీ గుర్తే.

ఆ తర్వాత ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చాను. ముందు బస్సు మానేశాను. తర్వాత బజారు. తర్వాత సినిమా హాలు. చివరికి కాలేజీకి సెలవు పెట్టేశాను. మనిషిని నిక్షేపంగా ఉన్నాను, ఇంట్లో కూర్చుంటే ఏమీ లేదు. గడప దాకా వెళ్ళి మాత్రం వెనక్కి వచ్చేసేదాన్ని. గుండెకి చెయ్యగలిగిన పరీక్షలన్నీ చేయించాం. నడిచే యంత్రం మీద పరిగెత్తించారు. జెల్లు రాసి గుండెని టీవీలో చూపించారు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ అని వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరూ సంతోషించేవారు, నేను తప్ప. ఏదో ఒక చిన్న జబ్బు, పేరున్న జబ్బు, నలుగురికీ చెప్పుకోదగ్గది ఒకటి ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఆఖరికి ఒక పెద్ద డాక్టరుగారు ఆ రిపోర్టులన్నీ చూసి కట్ట కట్టి నా చేతికిచ్చి, "అమ్మా, ఇంక ఈ గుండె జోలికి పోకండి. దానికేం లేదు. మీరు సైకియాట్రిస్టుని కలవండి" అన్నారు.

ఇంటికొచ్చాక అత్తగారు అడిగారు.

"ఏమన్నాడ్రా డాక్టరు?"

"మనసుకి సంబంధించిన డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారమ్మా."

అత్తగారు చేతిలో చేట కింద పెట్టారు. "అంటే పిచ్చి డాక్టరా?"

"పిచ్చి కాదమ్మా..."

"మన ఇంటా వంటా లేదురా ఇది!" అని నా వైపు తిరిగి, "మీవైపు ఎవరికైనా ఉందా అమ్మాయ్?" అన్నారు. లేదన్నాను. ఆవిడ కాసేపు బియ్యంలో రాళ్ళు ఏరారు. ఏరి ఏరి, "సరే, నేనూ వస్తా. ఆయన ఏం చెప్తాడో నా చెవులతో నేను వింటా. కాలనీలో మాత్రం ఒక్కళ్ళకీ తెలియడానికి వీల్లేదు" అన్నారు.

అలా నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మొదలైంది. మా పక్క క్వార్టరావిడకి మా గుమ్మం మీదే కన్ను. మంచి మనిషే, కానీ ఏ తాళం చప్పుడైనా ఆవిడ తలుపు తెరుచుకునేది. "ఎక్కడికి వదినగారూ, అత్తాకోడళ్ళిద్దరూ?" అనగానే అత్తగారు నాకన్నా ముందు, "దీనికి పన్నునొప్పండీ" అనేవారు. నేను వెంటనే దవడ పట్టుకునేదాన్ని. మొదటిసారి కుడి దవడ, తర్వాతిసారి మరిచిపోయి ఎడమ దవడ. "అటుపక్కక్కూడా వచ్చిందా?" అని ఆవిడ తెగ బాధపడేది. మేం వెళ్ళిన లెక్క చూస్తే ఆ పాటికి నా నోట్లో ఒక్క పన్ను కూడా మిగిలి ఉండకూడదు.

ఆ డాక్టరుగారి క్లినిక్ బెజవాడ సూర్యారావుపేటలో ఒక మేడ మీద ఉండేది. మొదటిరోజు ఆటో దిగి మెట్లెక్కేటప్పుడే అత్తగారు కొంగు తల మీంచి కప్పుకున్నారు. లోపల బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ మాలాంటివాళ్ళే. ఎవరూ ఎవరి మొహం చూడరు. అందరికీ గోడ మీది క్యాలెండరుతోనే పని. అత్తగారు గొలుసులతో కట్టేసినవాళ్ళనీ జుట్టు విరబోసుకున్నవాళ్ళనీ ఊహించుకుని వచ్చారు. అక్కడ ఉన్నది ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక ఆఫీసరూ, ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు నడిపే ఒకాయనా, బురఖా వేసుకున్న ఒక తల్లీ, ఆవిడ కాలేజీ కూతురూ. "అందరూ మామూలుగానే ఉన్నారేంటే?" అని నా చెవిలో అన్నారు, కొంచెం నిరాశగానే.

డాక్టరుగారు అరవైకి దగ్గర్లో ఉన్నారు. బట్టతల, తెల్ల చొక్కా, తొందరలేని మనిషి. నేను చెప్పిందంతా విన్నారు. విని, "ఇది మొదలయ్యే ముందు, ఆ ఏడాదిలో, ఏమైనా జరిగిందామ్మా?" అన్నారు.

ఏం జరగలేదన్నాను.

"ఎవరైనా పోయారా?"

మా ఇంట్లో ఎవరూ పోలేదన్నాను. అన్నాక గుర్తొచ్చింది. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆవిడ. నాకన్నా కొంచెం పెద్ద. ఆదివారం బట్టలు ఆరేస్తూ పడిపోయిందట. గుండెపోటు. సోమవారం ఆ కుర్చీ ఖాళీ. పరీక్షలు దగ్గరకొచ్చాయని ఆవిడ పీరియడ్లన్నీ నాకే వేశారు. ఆవిడ డ్రాయరులో టిఫిను బాక్సు ఉంటే కడిగి వాళ్ళింటికి పంపించాను. ఏడవడానికి తీరిక దొరకలేదు. ఆ సంగతి డాక్టరుగారికి చెబుతుంటే అప్పుడు వచ్చింది ఏడుపు. బాగా ఏడ్చాను. అత్తగారు కంగారుపడి నా వీపు నిమురుతూ, "మాకు చెప్పలేదే ఇదంతా" అన్నారు.

డాక్టరుగారు దానికి ప్యానిక్ అని పేరు చెప్పారు. ఆ పేరు వినగానే నాకు సగం జబ్బు తగ్గింది. పేరుందన్నమాట! "ప్రమాదమొస్తే ఒళ్ళు పరుగుకి సిద్ధమవుతుందమ్మా. గుండె అందుకే కొట్టుకుంటుంది. మీకు ప్రమాదం లేకుండానే ఆ గంట మోగుతోంది. భయంగా ఉంటుంది, నిజమే. కానీ ప్రాణం పోదు. కాసేపు ఉంటే దానంతటదే దిగుతుంది" అన్నారు. రోజూ వేసుకోవడానికి చిన్న మాత్ర రాశారు. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపెయ్యకండి, అన్నారు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పించారు.

సాయంత్రం ఇదంతా మా ఆయనకి చెప్పాను. ఆయన మితభాషి. మందుల చీటీ చూశారు, కాఫీ తాగారు, గ్లాసు కింద పెట్టి అప్పుడన్నారు:

"మా కంట్రోల్ రూములో రోజూ ఏదో ఒక అలారం మోగుతూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఉలిక్కిపడి లేచి నిలబడతారు. మేం లేవం."

"మరేం చేస్తారు?"

"ముందు యాక్సెప్ట్ బటన్ నొక్కుతాం. మోత ఆగుతుంది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు నింపాదిగా మీటర్లు చూస్తాం. నిజంగా తేడా ఉంటే పరిగెడతాం. లేకపోతే మా పని మేం చేసుకుంటూ ఉంటాం. కాసేపటికి రీసెట్ అవుతుంది."

"ఆ అలారాన్ని పీకి అవతల పారెయ్యకూడదూ?"

"పీకేస్తే నిజంగా నిప్పంటుకున్న రోజున ఎవరు చెప్తారు?"

పెళ్ళయ్యాక ఆయన నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. మర్నాడు డ్యూటీకి వెళ్తూ, "దడ వస్తే యాక్సెప్ట్ అనుకో" అని చెప్పి వెళ్ళారు.

మూడోసారో నాలుగోసారో క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి జరిగింది. నాతో మాట్లాడడం అయిపోయింది. డాక్టరుగారు పెన్ను మూసి, లేవబోతున్న అత్తగారిని చూసి మర్యాదకన్నట్టు, "మీరెలా ఉన్నారమ్మా?" అన్నారు.

"నాకేంటి డాక్టరుగారూ, రాయిలా ఉన్నా" అన్నారు అత్తగారు.

"నిద్ర పడుతోందా?"

"ఈ వయసులో నిద్రేంటండీ."

"తిండి?"

అత్తగారు మళ్ళీ కూర్చున్నారు. "నోటికి రుచి తెలియడం లేదండీ. మా ఆయన పోయిన దగ్గర్నించీ అంతే. కూరలో ఉప్పుందో లేదో తెలీదు. చేత్తో వేసిన గుర్తు మీద వేసేస్తున్నా. పొద్దున్న లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తది. లేచాక తల ఎందుకు దువ్వుకోవాలా అనిపిస్తది. కొడుకూ కోడలూ చూస్తారని దువ్వుకుంటన్నా."

ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం. బీపీకని ఉప్పు తగ్గించి వండుతున్నారనుకునేదాన్ని. మా ఆయనా అలాగే అనుకునేవారు. మా మామగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

"ఆయన గురించి ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడుకుంటారామ్మా?" అన్నారు డాక్టరుగారు.

"వీళ్ళు ఎత్తరండీ, నేను ఏడుస్తానని. నేను ఎత్తను, వాళ్ళు బాధపడతారని."

ఆ రోజు ఆవిడ పేరు మీద కూడా ఒక చీటీ రాశారు. దాంతోపాటు ఇద్దరికీ కలిపి ఒక పని అప్పగించారు. నేను మళ్ళీ బస్సెక్కాలి. మొదట ఒక్క స్టాపు, అలవాటయ్యాక రెండు, అలా బెజవాడ దాకా. దడ వచ్చినా దిగిపోకూడదు, అది దిగేదాకా కూర్చోవాలి. అత్తగారు తోడు రావాలి. వస్తూ ఊరికే కూర్చోకుండా మామగారి కబుర్లు చెప్పాలి. "మీరు వినాలి, ఆవిడ చెప్పాలి. ఇద్దరి మందూ అదే" అన్నారు.

మేం బయల్దేరిన మొదటిరోజు ఒక్క స్టాపు ప్రయాణానికి నేను ఊళ్ళేలబోతున్నట్టు తయారయ్యాను. నీళ్ళ సీసా, గ్లూకోజు పొట్లం, తడి రుమాలు. బస్సు కదలగానే గుండె అందుకుంది. పక్కన అత్తగారు మొదలుపెట్టారు. మా మామగారిది కొల్లేటి చేపల వ్యాపారం. కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు సర్ది లారీల్లో కలకత్తాకి పంపేవారు. ఒకసారి వర్షాకాలంలో లారీ బురదలో దిగబడిపోతే, ఐసంతా కరిగిపోతుంటే, ఆయన ఊళ్ళో వాళ్ళందరినీ పిలిచి, చేపలు చెడిపోయేలోగా అందరికీ పంచిపెట్టి, రోడ్డు పక్కనే వంట చేయించారట. "ఆ డ్రైవరు పంజాబీ వాడు. చేపల పులుసు తిని ఏడ్చాడు. రుచికనుకున్నాం. కారానికట!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే స్టాపు వచ్చేసింది.

అలా గుంటుపల్లి దాటాం. గొల్లపూడి దాటిన రోజున దడ బాగా వచ్చింది. ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దిగిపోదామని లేవబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఆయన పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఏమైందో నీకు చెప్పలేదు కదా" అన్నారు. కూర్చున్నాను. ఎర్రదీపం అలా వెలుగుతూనే ఉంది. భవానీపురం వచ్చేసరికి ఆరింది. పెళ్ళిచూపుల్లో ఏమైందో మాత్రం పూర్తిగా విన్నాను. ఆయన మొహమాటానికి పెట్టిన స్వీటంతా తిని, గొంతు పట్టుకుని, పెళ్ళికూతుర్నే మంచినీళ్ళడిగారట.

కొన్నాళ్ళకి డాక్టరుగారు ఇద్దర్నీ వేరే సీట్లలో కూర్చోమన్నారు. నేను ముందు, అత్తగారు వెనక. అయితే ఆవిడ కథ ఆపితే కదా! వెనక సీట్లోంచి గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టారు. మామగారు ఈత రాకుండానే పందెం కాసి ఉప్పుటేరులో దూకిన సంగతి బస్సు బస్సంతా విన్నది. కథ సగంలో ఉండగా మా స్టాపు వచ్చింది. దిగుతుంటే కండక్టరు, "మామ్మగారూ, తేలాడా లేదా? అది చెప్పి దిగండి" అన్నాడు. "తేలకపోతే దీని మొగుడు ఎట్లా పుడతాడయ్యా!" అన్నారు అత్తగారు. బస్సంతా ఒకటే నవ్వు.

ఒకరోజు ఆవిడ రింగు దగ్గర ఆగిపోయి, "ఇవాళ నువ్వెళ్ళు. నాకు పనుంది" అన్నారు. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు. ఒక్కదాన్నే వెళ్ళాను. బెజవాడ బస్టాండులో దిగి, కాలువ పక్కన నిలబడి, ఒక గ్లాసు చెరుకురసం తాగి, అదే బస్సులో తిరిగి వచ్చాను. ఆ వేసవి తర్వాత కాలేజీలో మళ్ళీ చేరాను. పక్క కుర్చీలోకి కొత్తావిడ వచ్చింది.

అత్తగారి మార్పు నా అంత తొందరగా రాలేదు. నెలలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది. తర్వాత కోపం వచ్చింది, ఆవిడ పాత కోపం. కూరగాయలవాడితో బేరమాడి గొడవ పెట్టుకున్న రోజున మా ఆయన లోపల కూర్చుని నవ్వుకున్నారు. ఒక ఆదివారం ఆవిడ నేను వండిన కూర నోట్లో పెట్టుకుని, "ఏంటమ్మాయ్, ఉప్పుకషాయంలా ఉంది!" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఆయన ఇంకాస్త కూర వడ్డించుకున్నారు.

ఇక పక్క క్వార్టరావిడ. ఒక మధ్యాహ్నం వచ్చి, గుమ్మంలో నిలబడి, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి, "వదినగారూ, మీ పళ్ళ డాక్టరుగారి అడ్రసు కాస్త చెప్తారా? మా పెద్దాడు ఇంటర్ పోయిన దగ్గర్నించీ గదిలోంచి బయటికి రావట్లేదు" అంది.

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ, "మీకు తెలుసా?" అన్నారు.

"పళ్ళన్నీ పీకించుకున్నావిడ చెరుకుగడ కొరుకుతుంటే చూశాను పిన్నిగారూ" అందావిడ. అని నవ్వబోయి ఏడ్చింది.

అత్తగారు ఆవిడని లోపల కూర్చోబెట్టారు. "బీపీకి మాత్ర వేసుకోమా? షుగరుకి వేసుకోమా? ఇదీ అంతే. రేపే తీసుకెళ్దాం, నేనూ వస్తా" అన్నారు. ఆవిడే ఒకప్పుడు కొంగు తల మీద కప్పుకుని ఆ మెట్లెక్కిన మనిషి. ఆ కుర్రాడు నెమ్మదిగా కోలుకున్నాడు. రెండోసారి పరీక్ష రాశాడు, పాలిటెక్నిక్‌లో చేరాడు.

తర్వాత మాకు అమ్మాయి పుట్టింది. మాత్రలు డాక్టరుగారి సలహా మీదే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశాను. మధ్యలో, రెండువేల దశకంలో, పిల్ల స్కూలూ నా ఉద్యోగమూ ఇల్లు మారడమూ అన్నీ ఒక్కసారి మీద పడ్డప్పుడు ఆ దడ మళ్ళీ వచ్చింది. ఈసారి ఈసీజీల వెంట పడలేదు. దవడా పట్టుకోలేదు. ఎక్కడికని అడిగినవాళ్ళకి ఫలానా డాక్టరు దగ్గరికి అని చెప్పి, తిన్నగా సూర్యారావుపేట వెళ్ళాను. అత్తగారు తన చెకప్ కూడా అయిపోతుందని వెంట వచ్చారు. డాక్టరుగారికని సీసాడు రొయ్యల పచ్చడి పట్టుకొచ్చారు.

ఆయన సీసా చూసి ఇబ్బందిగా నవ్వి, "నేను తిననమ్మా" అన్నారు.

"కారమా?"

"రొయ్య."

అత్తగారు ఆయన్ని జాలిగా చూశారు. "ఇన్నాళ్ళూ మా కొల్లేరు కబుర్లన్నీ ఎట్లా విన్నారండీ పాపం!" అన్నారు. సీసా కాంపౌండరుకిచ్చి, వచ్చేసారి మాగాయ తెస్తానని మాటిచ్చారు. నాకు మళ్ళీ అదే మాత్ర, మళ్ళీ కొన్నాళ్ళు. ఆవిడకి మాత్రం ఇంక అక్కర్లేదన్నారు.

మెట్లు దిగేసరికి ఎండ మండిపోతోంది. రిక్షా మాట్లాడనా అన్నాను. "ఎందుకు, నడుద్దాం. బీసెంటు రోడ్డులో నాకు చెప్పులు కొనుక్కోవాలి" అన్నారు. జనం కిటకిటలాడుతున్నారు. ఆవిడ ముందు, నేను వెనక. మూడు కొట్లు తిరిగి, నాలుగో కొట్లో కుర్రాడి చేత షెల్ఫులన్నీ దింపించి, చివరికి మొదట చూసిన జతే కొన్నారు.